తోక ఊపితే ఒక మాట

నాదర్‌గుల్ రన్‌వే పక్క గడ్డి ఇంకా తడిగానే ఉంది.
అంజద్ తాడుని వేళ్ళతో తడుముకుంటూ వచ్చాడు
ఈ కొస నుంచి ఆ కొస దాకా
పురి విడిన చోటు కోసం.
ముడిపడ్డ తాడునీ మాట మింగే మనిషినీ
నమ్మొద్దంటాడు ప్రతిరోజూ.
ప్రతిరోజూ వింటాను.

నీతో మాట్లాడింది ఆ తర్వాతే, బిందూ.
జీపు బానెట్ మీది దుమ్ములో వేలితో గీసి చూపించాను:
నా రెక్కలు ఊగితే తాడు వదిలెయ్, ఎందుకని అడగకు.
నా తోక ఊగితే వదలకు,
నీ బ్రేకులు చూసుకో.
"రెండూ ఊపుడే గద సార్" అన్నావు.
రెండూ ఊపుడే.
మన పట్నంలో తల ఊపితే
అవునో కాదో ఊపినవాడికే తెలీదు.
పైన అట్లా కుదరదు.

అంజద్ నీ రెక్క ఎత్తి పట్టాడు.
తాడు బిగిసింది.
ఇక నీకు నా వీపంతా కనిపిస్తుంది,
నాకు నువ్వు
అరచేతంత అద్దంలో వణికే తెల్లటి గీత.

రెండువందల అడుగులు. ఎక్కడం లేదు.
ఇంజను గొంతు చించుకుంటోంది,
ముల్లు కదలనంటోంది.
రేడియోలో పిలిచాను,
గరగర తప్ప ఏమీ రాలేదు.
కింద ఆదిభట్ల రేకుల షెడ్లు, కరెంటు తీగలు,
గుండ్ల మధ్య ప్లాట్లకి పాతిన హద్దురాళ్ళు.
దిగడానికి చాప పరిచేంత జాగా లేదు.
అద్దంలో చూశాను:
నీ రెక్కల మీద బ్రేకు పలకలు రెండూ లేచి ఉన్నాయి,
తలుపులు తెరిచిపెట్టి ఊరెళ్ళిన ఇల్లులా.

నా చేతికిందా ఒక పిడి ఉంటుంది.
లాగితే తాడూ నువ్వూ నావి కారు.
దాని గురించి పైకి మాట్లాడుకోం.
ఇద్దరికీ తెలుసు.

ఒక చేయి దాని మీదే ఉంచి
కాళ్ళతో తోక ఊపాను.
ఎడమ, కుడి, ఎడమ.

నీ చేయి పసుపుపచ్చ పిడి మీదికి వెళ్ళిందట.
దిగాక చెప్పావు.
వెళ్ళి, ఆగి,
దుమ్ములో గీత గుర్తొచ్చి,
పక్కనున్న నీలం పిడిని ముందుకు తోసిందట.
నాకు తెలిసింది ఒకటే,
వీపు మీంచి ఎవరో వడ్లబస్తా దించారు.

రెండువేల అడుగుల దగ్గర చిన్న కుదుపు.
నువ్వు కుడికి, నేను ఎడమకి.
ఇబ్రహీంపట్నం వైపు గద్దలు సుడి తిరుగుతున్నాయి,
వాటి కింద నువ్వు,
చప్పుడు లేకుండా.

దిగాక నీ మీద అరిచాను,
గడియ పడిందో లేదో చూసుకోలేదని.
బయల్దేరేముందు అద్దంలో నేనూ చూడలేదు,
నా మీద నువ్వూ అరువు అన్నాను.
నువ్వు అరవలేదు, నీళ్ళు తాగుతూ కూర్చున్నావు.
అంజద్ అరిచాడు,
ఇద్దరి మీదా, తన మీదా, ఉర్దూలో.

సాయంత్రం బట్ట తడిపి జీపు తుడవబోయాడు.
బానెట్ వదిలెయ్ అన్నాను.
రేపు కొత్త కుర్రాడొకడు వస్తున్నాడు.