ఇరవై ఒకటో పేజీ

జనవరి నడిమి వారం.
డండీలో నాలుగు కొట్టకముందే దీపాలు వేయాలి.
నదిమీంచి గాలి తోసినప్పుడల్లా నా ప్రింటు షాపు తలుపు
గంట మోగించి మళ్ళీ మూసుకుంటుంది.
దరఖాస్తు గడువు దగ్గరపడితే
ఈ ఊరి పిల్లలందరికీ నేను గుర్తొస్తాను.

ఎవరు ఎందులోకో చేతులు చూసి చెప్పేస్తాను.
వానకు తడవకుండా కోటు లోపల
పెద్ద ఫోల్డర్ పొట్టకు హత్తుకుని వస్తే ఆర్కిటెక్చర్.
తాళాల గుత్తికి వేలాడే
బొటనవేలంత పెన్‌డ్రైవ్ అయితే డిజిటల్ డిజైన్.

షరతుల కాగితాలూ నా దగ్గరే ప్రింటు తీసుకుంటారు,
అందుకే నాకూ కంఠతా వచ్చేశాయి.
ఆర్కిటెక్చర్ వాళ్ళు లెక్కలు అడుగుతారు.
ఫిజిక్స్ ఉంటే మంచిదంటారు, ఉండాలనరు.
ఆ 'మంచిది' అన్న మాట ఎంతమంది నిద్ర తిన్నదో!
చేత్తో గీసినవి కావాలట,
రబ్బరు రుద్దిన మరకతో సహా.
డిజిటల్ వాళ్ళకి లెక్కలు అక్కర్లేదు.
రెండు నిమిషాల వీడియో,
ఎక్కడ తప్పు చేసి ఎలా దిద్దుకున్నావో చెప్పే ఒక పేరా.
లెక్కలు తప్పి ఏడ్చినవాళ్ళకన్నా
ఆ ఒక్క పేరా రాయలేక ఏడ్చినవాళ్ళనే
నేనెక్కువ చూశాను.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్ళు.
ఇక్కడ కట్టకముందే చూపించమంటారు.
పక్క కోర్సులో, ఎన్నటికీ కట్టనిదాన్ని
తలుపు తీసి లోపలికి నడిపించమంటారు.

రెండింటికీ ఉమ్మడి షరతు ఒక్కటే:
పేజీలు ఇరవైకి మించరాదు.

నిన్న ఐల్సా వచ్చింది.
పదిహేడేళ్ళు. బేకరీలో పొద్దుటి షిఫ్టు,
మోచేతి మీద ఇంకా పిండి.
రెండు షరతుల కాగితాలూ కౌంటరు మీద పక్కపక్కన పరిచి
ఏది సులువు అని అడగలేదు.
"ఏదైతే తక్కువ అబద్ధం ఆడాలి?" అంది.
నాకేం తెలుసు?
కాగితం మందమైతే చెప్పగలను.
మెరుపు లేనిది తీసుకో, గీత దాక్కోదు, అన్నాను.

మిషన్‌లోంచి ఒక్కోటీ వేడివేడిగా దిగాయి.
లైబ్రరీ మెట్లు. మడత కుర్చీ. అట్టపెట్టెల పడవ.
రైలు వంతెన, మళ్ళీ అదే వంతెన
వేలితో తాకితే వణికేట్టు నాలుగు తెరల్లో.
అన్నీ కలిపి ఇరవై ఒకటి.

లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది,
ఈసారైనా లెక్క తప్పితే బాగుండునన్నట్టు.
చివరికి తీసేసింది
వాళ్ళ తాతమ్మ స్నానాలగదిని.
టబ్బు అంచు, పట్టుకునే కడ్డీ ఉండాల్సిన చోటు,
ముసలి మోకాలు ఎంతవరకు వంగుతుందో
చుక్కల గీతల్లో.
టేపు దొరక్క చేత్తో కొలిచిందట.
చాచిన అరచేతి బొమ్మ వేసి, పక్కన రెండున్నర అని రాసుంది.
దాన్ని మేం జాన అంటాం, అన్నాను.
జాన, జాన, అని రెండుసార్లు అని చూసింది.

"ఇది అటూ కాదు, ఇటూ కాదు" అంది.
నేను నోరు మెదపలేదు.
కౌంటరుకి ఇవతలివాళ్ళం బైండింగు అమ్ముతాం, సలహా కాదు.
డబ్బులిచ్చి, ఆ పేజీ
చెత్తబుట్టలో వేసెయ్యమని వెళ్ళిపోయింది.

కౌంటరు కింద నాకో సొరుగుంది.
కరెంటు బిల్లులు ఉండాల్సిన చోట
పన్నెండేళ్ళ ఇరవై ఒకటో పేజీలు.
చేపల దుకాణం పైకప్పు,
ఒక కుంటి కుక్క నడక ఇరవై నాలుగు ముక్కల్లో,
ఎక్కడికీ పోని మెట్లు, కింద పేరు కూడా లేదు.
ఇదీ అందులో పెట్టబోయి
కిందికి వంగాను.
కుడి మోకాలు కటుక్కుమంది.

రాత్రి ఇంటికెళ్ళి మా టబ్బు అంచు కొలిచాను.
రెండున్నర జానలు, పైన ఒక వేలు.
పొద్దున షాపు తీశాక
కడ్డీలు బిగించే మనిషికి ఫోను చేశాను.
ఎంత ఎత్తులో, ఎంత వాలుగా, అని అడిగాడు.
ఉండండి, అని
పేజీ తీసి
చదివి వినిపించాను.