చూరు గాడి

ఈతకొలను అంచుకు ఏ రాయి వెయ్యాలో
ఇంటావిడ వియన్నా నుంచి ఫోన్లోనే తేల్చేసింది.
అద్దంలా మెరవాలట, వంగితే ముఖం కనబడాలట.
వింకా సరేననీ అనలేదు, కాదనీ అనలేదు.
ఫోను జేబులో పడేసి
ముక్కులో రాతిదుమ్ము చీదింది.

బ్రాచ్ దీవిలో రాయికేం కరువు?
కొండని గోటితో గీరినా తెల్లగా రాలుతుంది.
నేను అప్పటికి రెండు నెలల పనివాణ్ణి.
రేవులో పడవ టికెట్లు చించే కొలువు మానేసి
సుత్తి పట్టినవాణ్ణి,
బొటనవేలికి ఇంకా గోరు రాలేదు.

ఆవిడ దిగిన రోజు
వింకా రెండు పలకలు పక్కపక్కనే పరిచింది.
ఒకటి నున్నగా అరగదీసింది,
ఇంకోటి పళ్ల సుత్తితో పొడిచి పొడిచి
ఆవు నాలుకలా గరుకు చేసింది.
రెంటిమీదా చెరో బక్కెట్టు నీళ్లు కుమ్మరించి
"చెప్పులు విప్పండి" అంది.
మెరిసే రాయి మీద ఆవిడ మడమ
బెత్తెడు జారింది.
పట్టుకున్నది నేనే.
బేరం అక్కడితో సరి.

తర్వాత పదకొండు రోజులు ఒకటే పాఠం:
నల్లరాయి వద్దు, ఆగస్టులో అది పెనం.
లోపలంచు గుండ్రంగా తియ్యి,
నీళ్లలోంచి పైకొచ్చే పిల్లలు
మొట్టమొదట పట్టుకునేది దాన్నే.
వాలు బయటికివ్వు, కొలనులోకి కాదు,
కాళ్లు కడిగిన నీళ్లలో ఎవరీదుతారు?
సిమెంటు ముద్దలు ముద్దలుగా పెట్టి మురిసిపోకు,
పక్కంతా పరువు.
ఆరాక వేలి కణుపుతో తట్టు,
కింద డొల్లయితే అదే చెబుతుంది,
రాయికి అబద్ధం రాదు.
నేలకీ అంచుకీ మధ్య వేలెడు సందు వదులు,
ఎండకి అదీ ఒళ్లు విరుచుకోవాలి కదా.

మూడు మూలలు ఆమె కోసింది.
నాలుగోది నాకిచ్చింది.
రంపం సగం దాటిందో లేదో
టప్ మని చిన్న చప్పుడు,
ఎండుకొమ్మ మీద ఎవరో కాలేసినట్టు.
పలక అడ్డంగా రెండయింది.
నా కూలి డబ్బులు లోలోపల లెక్కేసుకున్నాను.
వింకా ముక్కలు రెండూ ఎత్తి చూసి
"కొలనుకి రావు. గోడకొస్తాయి" అంది.
అంతే, ఇంకో రాయి తీసింది.

గోడ లుక్రికాది.
పక్కింటి ముసలావిడ,
తేనెపెట్టెలు పదీ పన్నెండూ ఉంటాయి.
గోడ నెత్తి ఎప్పుడు ఊడిందో ఆమెకే గుర్తు లేదు.
ఏటా చలికాలం వాన నడినెత్తిన దిగి
కడుపులో సున్నమంతా కరిగించుకుపోతోంది.
నెత్తిన గొడుగు లేని గోడ
పక్కల ఎంత బలంగా ఉంటే ఏం లాభం?

ఆదివారం, కూలి లేని రోజు,
నా విరిగిన ముక్కలూ, ఎవరికీ అక్కర్లేని ఆ మెరుపు పలకా
బండిలో వేసుకెళ్లాం.
గోడ వెడల్పు కన్నా అటూ ఇటూ
రెండేసి వేళ్లు బయటికి రానిచ్చి,
అడుగున అంచు పొడుగునా
సన్నగా ఒక గాడి తవ్వించింది నాచేత.
పాకుతూ వచ్చే చుక్క అక్కడికొచ్చి ఆగాలి,
గోడని ముట్టకుండా రాలాలి.
మెరుపు పలకని బోర్లించింది.
నేను నొచ్చుకున్నాను.
"పైన ఉంటే పిల్లి జారుతుంది" అంది.

లుక్రికా ఎంతివ్వాలని అడిగింది.
వింకా వినపడనట్టు రసమట్టం తుడుచుకుంది.
తేనె సీసా నా చేతికొచ్చింది.

అక్టోబరులో మొదటి వాన.
కొలను మీద టార్పాలిన్ కప్పేశారు,
వియన్నావాళ్లు వెళ్లిపోయారు.
నేను లుక్రికా గోడ పక్కన
మోకాళ్ల మీద కూచుని తల వంచి
రాయి కిందికి చూశాను.
ఒక్కో చుక్కా గాడి దాకా వచ్చి
దాటలేక వేలాడుతోంది.
పైన నున్నటి రాతిలో
దాని నీడ ఇంకో చుక్క.
రెండూ కలిసి కొంచెంసేపు ఊగి
ఒకటే రాలింది.

గోడ పొడిగా ఉంది.
నా వీపు తడిసి ముద్దయింది.