పదిహేడో ప్రశ్న

బంగారుపాళ్యం దాటినాక పల్ప్ ఫ్యాక్టరీ గేటు.
రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్ళ చేతుల నిండా
తోతాపురి సొన కాల్చిన మచ్చలు.

పదిహేడో ప్రశ్న చదివాను:
"పనిచోట లైంగిక వేధింపు ఎదురైందా?"
లేదు. లేదు. లేదు.
నలభైమూడు లేదులు.
ఎంత శుభ్రంగా ఉన్నాయో నా ఫారాలు!

దొరసానమ్మ నా పెన్ను వైపే చూస్తా అనింది:
"ఆ మాట మాకేం తెలుస్తాది పాపా,
కొంగుకి పిన్నీసు దేనికని అడుగు."

అడిగాను.
వ్యాన్‌లో వెనక సీటు ఎందుకు ఖాళీయో
కాటా దగ్గరికి ఒంటిగా ఎందుకు పోరో
తెల్లారేదాకా నీళ్ళెందుకు తాగరో
మార్జిన్లు చాల్లేదు,
అట్టవెనక, మామిడిరసం మరక మీద కూడా రాసుకున్నా.

తిరుపతిలో మా గైడు మేడం
నా పట్టికను అడ్డంగా కొట్టేసి
చాలాసేపు ఏమీ అనలేదు.

కలెక్టరేటుకి పంపిన నివేదిక ఎనభై పేజీలు.
"కేసులెన్ని?" అన్నాడు ఆఫీసరు,
చివరి పేజీ తిప్పుతూ.

మళ్ళీ కాయల సీజను.
మరుగుదొడ్డి దారిలో ఒక లైటు వెలుగుతోంది,
తలుపుకి కొత్త గొళ్ళెం.
వ్యాను మాత్రం అదే, డ్రైవరూ అతనే.
దొరసానమ్మ పిన్నీసు సర్దుకుంటూ పక్కన కూచుంది:
"ఈసారి ఏం అడగతావు మే?"