పన్నెండో తారీఖు దాకా

ధర్మాబాద్ కోల్డ్ స్టోరేజీలో
గోనె మూతి విప్పకముందే తుమ్ము వస్తుంది.
కంప్యూటరు మీదా ఎర్రటి దుమ్మే,
మీటల సందుల్లో మిరపగింజలు.

ఎర్రం లసుమవ్వ రసీదు బల్ల మీద పెట్టింది.
పదకొండు బస్తాలు. 02/04.
"రెండు నెలల కిరాయి ఎక్కువెట్ల రాసినవ్ బిడ్డా?
ఫిబ్రవరి నాలుగంటవా?
గప్పుడు నా మిర్ప చెట్టు మీదనే ఉండె, పచ్చగ."

రాసింది నేనే. పోయినేడు, ఒక రాత్రి, తొందరలో,
అడిగే వాక్యంలోనే తారీఖును
రెండు కొటేషన్ల మధ్య అతికించి పంపాను.
అవతల డేటాబేసు
నెలను ముందు చదివే ఊరిది.
నేను రోజు అన్నదాన్ని అది నెల అనుకుంది.
ఇద్దరం మర్యాదస్తులం,
ఎవరమూ మళ్ళీ అడగలేదు.

పన్నెండో తారీఖు దాకా ఇంతే.
రోజూ నెలా ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని
గేటు దాటి పోతుంటాయి.
పదమూడున పట్టుబడతాయి,
పదమూడో నెల లేదని యంత్రం అరుస్తుంది.
అరిచిన నాడు చాయ్ పక్కన పెట్టి
ఆ ఒక్క పద్దును చేత్తో దిద్ది ఇంటికి పోయాను.
వెనక పన్నెండు రోజులు తిరగేయలేదు.

మునీం చిద్రావార్ బహీ తెరిచాడు.
సగం మరాఠీ, సగం తెలుగు, ఒకే సిరా.
వేలు ఆగినచోట అంకెల్లేవు:
"పాడవా. లసుమవ్వ. అకరా."
"ఆఁ, ఉగాది నాడే!
పచ్చడి తాగి బండెక్కిన."

ఆ రాత్రి వాక్యాన్ని విప్పాను.
తారీఖు కూర్చునే చోట
పీట వేసినట్టు ఒక్క ప్రశ్నగుర్తు ఉంచి,
తారీఖును విడిగా, తారీఖుగానే,
చేతిలోంచి చేతికి అందించాను.
ఇక దాన్ని చదవనక్కర్లేదు యంత్రం,
పుచ్చుకుంటే చాలు.

నాలుగువందల పన్నెండు రసీదులు తిరగబడ్డాయి.
కొందరికి మేం బాకీ, కొందరు మాకు.
మాకు బాకీపడ్డవాళ్ళను అడగొద్దన్నాడు చిద్రావార్,
కళ్ళజోడు తుడుచుకుంటూ.
లసుమవ్వ నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి
మీటల సందులోంచి ఒక గింజను
గోటితో తీసి పెట్టి పోయింది.

"మరి నెలాఖరు లారీ?"
మునీం ఇంకా బహీ మూయలేదు.

ముప్పై దాకా అని అడిగితే
ముప్పయ్యో తారీఖు మొదటి క్షణం దగ్గరే
తలుపు వేసేస్తుంది యంత్రం.
ఆ సాయంత్రం బిలోలి రోడ్డు మీంచి వచ్చిన లారీ
ఏ నెల లెక్కలోనూ లేదు.
లైట్లు వేసుకుని
బయటే నిలబడి ఉంది.