తప్పు ఎవరిది అనే గడి

అల్ ఖువైర్ సిగ్నల్ దగ్గర
ఎర్ర లైటుకి బుద్ధిగా ఆగి ఉన్నాను.
ఉదయం ఏడూ ఇరవై.
పన్నెండు గంటల నైట్ డ్యూటీ
ఒంట్లోంచి ఇంకా దిగలేదు.
పక్క సీట్లో ఖాళీ టిఫిన్ డబ్బా,
దాని మీద విప్పి పడేసిన మేజోళ్ళు.

ముందు చప్పుడు వినపడలేదు.
ముందు నా తల నన్ను వదిలి వెనక్కి వెళ్ళింది,
ఏదో మరిచిపోయినట్టు
మళ్ళీ ముందుకొచ్చింది.
ఆ తర్వాత చప్పుడు.
ఆ తర్వాత డబ్బా మూత
కాళ్ళ దగ్గర గిరగిరా తిరిగి తిరిగి
పడుకోవడం.

ఈ కారు నాది.
డ్రమ్ముల మధ్య వెనక్కి పోనివ్వడం రాక
మూడుసార్లు పరీక్ష తప్పి,
నాలుగోసారి గట్టెక్కి,
ఊరికి వెళ్ళిపోతున్న కొట్టాయం సిస్టర్ దగ్గర
వాయిదాల మీద కొన్న పాత యారిస్.
వెనక బంపరు మీద ఒక్క గీత లేదు.
రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని,
పసిపిల్ల వీపు తుడిచినట్టు.

దిగాను. మెడ దిగనంది.

వాడు అప్పటికే దిగి నిలబడ్డాడు.
ఇరవై రెండేళ్ళుంటాయేమో.
ఇస్త్రీ నలగని తెల్లటి దిష్‌దాషా,
ఓ పక్కకి ఒరిగిన కుమ్మా టోపీ,
చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే.

అరవడానికి అరబీ వెతుక్కున్నాను.
నాకొచ్చిందంతా వార్డు అరబీ:
ఎక్కడ నొప్పి? ఎప్పట్నుంచి? ఊపిరి పీల్చండి.
తిట్లు నాకెవరూ నేర్పలేదు.
అందుకే తెలుగులోనే తిట్టాను,
ఓడరేవులో చేపల తట్ట ముందు కూచుని
మా పెద్దమ్మ తిట్టినంత శ్రద్ధగా.
నీ కళ్ళు కాకులెత్తుకుపోను,
ఆగి ఉన్న బండి కనపళ్ళేదట్రా?
వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు.
మొత్తం అర్థమైంది.

సంజాయిషీలాగా ఫోను చూపించాడు.
దారిలో లబన్ తెమ్మందట వాళ్ళమ్మ.
ఎన్ని డబ్బాలని రాస్తున్నాడట.
లబన్ అంటే ఏం లేదు, మజ్జిగ.
మజ్జిగ కోసం నా మెడ.

ఇంత చిన్నదానికి పోలీసులు రారు.
కాగితం మనమే నింపుకోవాలి.
నా బానెట్ మీద పరిచాం.
నా పేరు దగ్గర సువార్త.
వాడి పేరు దగ్గర ఖల్ఫాన్.
తప్పు ఎవరిది అనే గడి దగ్గర
పెన్ను ఆగింది.
ఒప్పుకోక కాదు, చెయ్యి నిలవక.
గడిలో పడాల్సిన టిక్కు
గడి బయట గాలిలో వణుకుతోంది.

అప్పుడు చూశాను, పెదాలు పాలిపోయి ఉన్నాయి.
నా వేళ్ళు నన్నడగలేదు.
వాడి మణికట్టు మీద ఎప్పుడు కూచున్నాయో,
నా కళ్ళు వాచీలోకి ఎప్పుడు పోయాయో!
నూట ఇరవై నాలుగు.
కూర్చో, అన్నాను వార్డు అరబీలో.
పీల్చు. వదులు. మళ్ళీ.
వెనక బళ్ళు హారన్లు కొట్టి కొట్టి
మమ్మల్ని చుట్టుకుని పోయాయి.

ఇది క్షమించడం అనుకోకండి.
నాడి చూడటం వేరు.
టిక్కు గడి మధ్యలో పడేదాకా పెట్టించాను,
సంతకం కూడా, పూర్తి పేరుతో.

వచ్చిన దారినే మా ఎమర్జెన్సీకి వెనక్కి పోతే
పగటి డ్యూటీ పిల్ల నాకు కాలరు తొడిగింది.
ఎంతమంది మెడలకి వేశానో నేనీ కాలరు!
"గడ్డం కొంచెం పైకెత్తక్కా" అంది.
ఆ మాట అటువైపు నుంచి వింటే
అంత ఒంటరిగా ఉంటుందని
నాకు తెలీదు.

బంపరు ఇన్సూరెన్సు వాళ్ళు మార్చారు.
కొత్తది మరో రకం తెలుపు.
మెడ మూడు వారాలకి తిరిగింది,
ఎడమ పక్క కాస్త బాకీ పెట్టి.

ఇప్పుడు ఎర్ర లైటు పడితే
నేను ముందుకి చూడను.
అద్దంలోకి వచ్చే ప్రతి మొహాన్నీ వెతుకుతాను,
తల ఎత్తి ఉందా, దించి ఉందా అని.
దించి ఉంటే
నా కాలు దానంతటదే బ్రేకు మీద బిగుసుకుంటుంది,
భుజాలు చెవుల దాకా లేస్తాయి,
మనసులో అరుస్తాను,
ఒరే, మజ్జిగ తర్వాత, ముందు నన్ను చూడు.

అలా చూస్తూ చూస్తూ
పచ్చ లైటు పడ్డ సంగతి
వెనకవాడు హారన్ కొడితే గానీ
నాకు తెలీదు.