పదకొండు సి

బర్మింగ్‌హామ్ చుట్టూ రెండు బస్సులు తిరుగుతాయి.
సి గడియారం వైపు. ఏ దానికి ఎదురు.
ఒకటి ప్రదక్షిణం, ఒకటి అప్రదక్షిణం.
గర్భగుడి మాత్రం ఎవరికీ కనబడదు.
ఊరి నడిబొడ్డుకి పోని బస్సు ఇది,
వేడి గంజిని అంచు నుంచి జుర్రుకునేవాడిలా
అంచులు పట్టుకునే తిరుగుతుంది.

రాత్రంతా ఆస్పత్రి నేల తుడిచి
పొద్దున్నే సి ఎక్కుతాను.
నా గదిలో హీటరుకి డబ్బులు పొయ్యాలి,
బస్సులో అక్కర్లేదు.
రెండున్నర గంటల నిద్ర,
ట్రాఫిక్ దయతలిస్తే మూడు.
డ్రైవరు తర్సేమ్ నన్ను లేపడు.
గతుకుల దగ్గర
నిండు చూలాలిని తీసుకెళ్తున్నట్టు నడుపుతాడు.

తొమ్మిదిన్నర దాటితేనే పెద్దవాళ్ళ పాసు చెల్లుతుంది.
తొమ్మిదీ ముప్ఫై ఒకటికి
కింగ్స్ హీత్‌లో ఐవలీన్ ఎక్కుతుంది.
ఒకప్పుడు నర్సు. జమైకా వదిలి యాభై ఏళ్ళు,
మాటలో ఇంకా అక్కడి ఎండ కాస్తూనే ఉంటుంది.
ఇంజను పక్క వెచ్చటి సీటు ఆమెది.
ఎవరైనా కూర్చుంటే ఏమీ అనదు,
పక్కన నిలబడి దగ్గుతుంది.

సంచిలోంచి ఊలు తీస్తుంది, ఆవపిండి రంగుది.
చుట్టుకి జానెడు అల్లుతుంది.
తప్పు పడితే స్టెచ్‌ఫర్డ్ దాకా విప్పుతుంది.

బోర్న్‌విల్‌లో తలుపు తెరవగానే
చాక్లెట్ వాసన ఎక్కుతుంది,
టికెట్ లేకుండా సెల్లీ ఓక్ దాకా వస్తుంది.
హార్బోర్న్‌లో కుక్కలు ఎక్కుతాయి,
వాటి వెనక మనుషులు.
బేర్‌వుడ్ దాటాక సూదులు జోరందుకుంటాయి.
విన్సన్ గ్రీన్ జైలు గోడ వచ్చేసరికి
తల ఎత్తదు,
పైకే లెక్కపెడుతుంది.
ఆ గోడ పొడుగు అరవై నాలుగు కుట్లని
నిద్రలోనే నేర్చుకున్నాను నేను.

ఎవరికి అని ఒకసారి అడిగాను.
"కెమార్‌కి. వాడికి చలెక్కువ" అంది.
లోపలికి ఊలు పోనివ్వరట.
మనవడు తననీ రావద్దన్నాడట.
అది చెప్పి, నా చొక్కా బొత్తాం ఊడిందని చెప్పింది.

మార్చిలో ఒక మంగళవారం
ఆమె అల్లలేదు.
లెక్క ముప్ఫై దాకా వచ్చిందో లేదో
గంట నొక్కింది.
తర్సేమ్ అద్దంలోకి చూశాడు. నేనూ కళ్ళు తెరిచాను.
దిగలేదామె. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడింది.

స్టాపులో లోపలివన్నీ కనబడే ప్లాస్టిక్ సంచీతో ఒక కుర్రాడు.
కుర్రాడు కాదు, గడ్డం దట్టంగా పెరిగిన మనిషి.
చిల్లర కోసం జేబులు తడుముకుంటుంటే
టికెట్ యంత్రం మీద అరచెయ్యి బోర్లించి
"పద, పద, వెనక బస్సుంది" అన్నాడు తర్సేమ్.
వెనక ఏ బస్సూ లేదు.

హ్యాండ్స్‌వర్త్ దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.
పెర్రీ బార్‌లో ఆమె స్వెటర్ తీసి
అతని వీపుకి ఆనించి చూసింది.
తొడుక్కున్నాడు.
మణికట్లు రెండూ బయటికి పొడుచుకొచ్చాయి.
పందొమ్మిదేళ్ళ వాడి కొలతకి అల్లిందది.

"సరిపోయింది నాన్నమ్మా."

"అబద్ధం."
పంటితో చివరి ముడి తెంపి
వాడి ముంజేతి మీదే కుట్లు సూదికి ఎక్కించింది.
"ఇంకో చుట్టు కూర్చో. జానెడేగా."

నడవలోకి చాచిన ఆ చేతిని
ఎర్డింగ్టన్‌లో ఎక్కినవాళ్ళంతా
వంగి, పక్కకి ఒరిగి దాటారు.
ఎకాక్స్ గ్రీన్‌లో డ్యూటీ దిగుతూ
తర్సేమ్ కొత్త డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు.

నేను దిగాల్సిన స్టాపు యార్డ్లీ.
ఆ రోజు రెండుసార్లు దాటిపోయింది.