కమ్మీ ఎత్తు

కేటలాగులో అందరూ నవ్వుతున్నారు.
ఒక్కడికీ చెమట లేదు.
నిగనిగలాడే కాగితం మీద నీలం రంగు యంత్రాలు,
వాటి వెనక ఏ ఊరిదో పచ్చగడ్డి.

మా పార్కులో గడ్డి లేదు.
బందరు కాలవ గట్టు పక్కన ఆరొందల గజాలు,
రెండు కానుగ చెట్లు, నీళ్లు రాని ఒక చేతిపంపు,
వానపడితే చీలమండ దాకా నల్లమట్టి.

"ఆరు వస్తాయి. ఏడోదానికి డబ్బుల్లేవు.
ఏవి కావాలో మీరే తేల్చండి" అంటూ
ఏఈ హిమబిందు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంది.
నన్నెందుకు పిలిచారంటే
ఆటోనగర్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు లేతు ముందు నిలబడ్డవాణ్ణి,
ఇనుము మాట నాకు తెలుస్తుందని.

తెలుస్తుంది.
నేను బొమ్మ చూడను, అతుకు చూస్తాను.
బేరింగు మూసి ఉందా, దుమ్ము తాగుతుందా,
గొట్టం మందమెంత, గోటితో కొడితే ఏమంటుంది.
అలవాటుకొద్దీ బొమ్మ మీదే కొట్టాను.
కాగితం పలికింది.

ఛాతీ పెంచే మిషను కావాలన్నారు కుర్రాళ్లు.
మోకాలి చిప్ప మార్పించుకున్న దానియేలు మాస్టారు
పట్టుకుని నిలబడ్డానికి ఒక పిడి ఉంటే చాలన్నారు.
తొక్కుడు చక్రం మీద వేలుపెట్టి
"ఇందులో కుచ్చిళ్లు ఇరుక్కుంటేనో?" అంది నాంచారమ్మ.
కంపెనీ కుర్రాడు నవ్వాడు.
కాసేపటికి నవ్వు మానేసి
ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు.
మస్తాన్‌బీ మాత్రం ఎదురెదురు సీట్లున్నది వదల్లేదు:
"మాట్లాడుకోడానికి పోతానంటే ఇంట్లో పంపరు.
కసరత్తంటే పంపుతారు."

నేను ఎండ సంగతి ఎత్తాను.
మే నెలలో బెజవాడలో సాయంత్రం నాలుగింటికి కూడా
ఇనుప సీటంటే అట్లపెనం.
నీడ ఎటెటు తిరుగుతుందోనని
మా ఆవిడ ముగ్గుపిండి పట్టుకెళ్లి
మూడు రోజులు కానుగ నీడ చుట్టూ గీతలు గీశాను.
రెండో రోజు గీత మీద కుక్క పడుకుంది.
అదే సరైన చోటని గుర్తుపెట్టుకున్నాను.

ఇదంతా చీపురు మీద గడ్డం ఆనించి
కోటిరత్నం వింటూనే ఉంది.
నాలుగున్నరకే బెంజి సర్కిల్ నుంచి
ఊడ్చుకుంటూ వచ్చే మనిషి.
కమిటీలో లేదు. నీకేం కావాలని ఎవరూ అడగలేదు.
నిజం చెప్పాలి, నేనూ అడగలేదు.
తనే అంది:
"కసరత్తు మాకెందుకులే అయ్యా.
వంగిన నడుం సాగదీసేదేమన్నా ఉందా అందులో?
ఊరికే వేలాడ్డానికి."

ఉంది.
చివరి పేజీలో, అట్టకి ఆనుకుని, అన్నిటికన్నా చవక.
రెండు స్తంభాలు, ఒక కమ్మీ.
చక్రం లేదు, బేరింగు లేదు,
చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.
ఎత్తు ఎనిమిదడుగులని రాశారు.
ఎవర్ని నిలబెట్టి కొలిచారో.

"చెయ్యెత్తు రత్నం" అన్నాను.
సిగ్గుపడి, కొంగు దోపుకుని, ఎత్తింది.
టేపు పట్టాను.
వేళ్ల చివరికి ఆరడుగులు, పైన బెత్తెడు కలిపి
అంతే రాయించాను ఆర్డరులో.
ఛాతీ మిషను కొట్టేశారు.
కుర్రాళ్లు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

నీలం అడిగితే ఆకుపచ్చ పంపారు.
ఎదురెదురు సీట్లది నెల తిరక్కుండానే కిర్రుమంటోంది,
పైన మస్తాన్‌బీ వాళ్ల మాటలు, కింద దాని గోల.
ఇవాళ చీకటుండగానే గ్రీజు డబ్బాతో వెళ్లాను.

కానుగ కొమ్మకి చీపురు తగిలించి ఉంది.
మట్టిలో చెప్పుల జత.
వాటి మీద, బెత్తెడు ఎత్తులో, పాదాలు.
ఎముకేదో టక్కుమంది,
నట్టు తన మరలో కూర్చున్నట్టు.
నేను చూడనట్టే వంగి గ్రీజు పూస్తూ
లోపల్లోపల పది లెక్కపెట్టాను.

పది దాటింది.
ఆమె ఇంకా దిగలేదు.